ఇసుకలో మంచినీరు: నెల్లూరు తీరంలో నీరు, మరుగుదొడ్డి, బడి

(స్మారకోపన్యాస పాఠం)

నెల్లూరు తీరంలో తాగే నీరు ఇసుకలో పైపైనే ఉంటుంది. ఉత్తరాన కావలి నుంచి దక్షిణాన పులికాట్ ఒడ్డున, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న తడ దాకా, సముద్రానికీ బకింగ్‌హామ్ కాలువకూ నడుమ నేలంతా ఇసుక దిబ్బలే. కాలువకు పడమటగా కూడా కొంత దూరం ఇదే నేల. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు కురిపించే వాన ఈ దిబ్బల్లోకి ఇంకుతుంది. అది కింద ఉన్న ఉప్పునీటిలో వెంటనే కలిసిపోదు, పాల మీద మీగడలా పైన తేలి నిలుస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా నూటికి రెండున్నర పాళ్ళు బరువు. తీరంలో మనిషి బతుకు ఆ చిన్న తేడా మీద ఆధారపడి ఉంది. 19వ శతాబ్ది చివర నెదర్లాండ్స్‌లో బాడోన్ ఘైబెన్, కొద్దికాలానికి జర్మనీలో హెర్జ్‌బెర్గ్ దీనికి లెక్క కట్టారు. సముద్ర మట్టానికి ఒక మీటరు పైన మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుందని వారి సూత్రం. అదే సూత్రాన్ని తిరగేసి చూస్తే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. మోటారు పెట్టి తోడి పై మట్టాన్ని పావు మీటరు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమాన 10 మీటర్లు పైకి ఎగబాకగలదు.

తీర రైతులు ఈ సూత్రాన్ని చదవకుండానే పాటించారు. ఇసుకలో నీరు తగిలే దాకా ఏటవాలుగా తవ్విన దొరువులోకి దిగి, కుండలతో ముంచి నారుకూ కూరగాయల మళ్ళకూ పోసేవారు. కుండతో తోడే నీరు ఎంతని? ఊట తిరిగి చేరుకునే వ్యవధి ఎప్పుడూ ఉండేది. తరువాత బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు దొరువును మెరుగుపరిచారు. నీటి పై పొరలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, వాటిలో చేరే నీటిని ఒక ఒరల బావిలోకి మళ్ళించి, అక్కడి నుంచి నిదానంగా తోడే పద్ధతి అది. నిలువుగా లోతుకు పోయే బోరు ఉప్పును పైకి లాగుతుంది. అడ్డంగా పరచిన గొట్టం పై నీటిని మాత్రమే తీసుకుంటుంది. పొలం కోసం పుట్టిన పద్ధతే అయినా, కాలువ నీరు అందని పాలేల్లో బడికీ మంచినీళ్ళ ట్యాంకుకూ ఇంతకన్నా తగిన ఏర్పాటు మరొకటి కనిపించదు.

ఈ పలుచని పొరకు ఉప్పు అనేక దారుల్లో చేరుతుంది. బకింగ్‌హామ్ కాలువలో ఆటుపోట్ల నీరు లోపలి దాకా వస్తుంది. 1990ల తొలి ఏళ్ళలో రొయ్యల సాగు విజృంభించి, తీరం పొడవునా రొయ్యల గుంటలు వెలిశాయి. గుంటలో నిలిపిన ఉప్పునీరు పక్క ఇసుకలోకి ఇంకి, ఊరి బావుల్లో తేలింది. ఆ కాలపు నివేదికల్లో జిల్లాలోని కుర్రు గ్రామం పేరు కనిపిస్తుంది. సుమారు 600 మంది మత్స్యకారులున్న ఆ ఊళ్ళో తాగేందుకు నీరు లేకుండా పోయింది. ఆడవాళ్ళు గొడవకు దిగాక ట్యాంకర్లు వచ్చాయి. ఇంటికి రోజుకు రెండు బిందెలు, తాగడానికీ కడగడానికీ అన్నిటికీ అవే. రెండు బిందెలతో నడిచే ఇంట్లో చేతులు కడుక్కోమని బోధించడం ఎంత నిష్ఫలమో వేరే చెప్పనక్కర లేదు. ఎస్. జగన్నాథ్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల గుంటలను తొలగించమని తీర్పు ఇచ్చింది, సంప్రదాయ పద్ధతిలో సాగే వాటిని మినహాయించింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి సాగును నిబంధనల కిందికి తెచ్చింది. తాగునీటి వనరుకు 100 మీటర్ల లోపు గుంట ఉండకూడదన్నది ఆ నిబంధనల్లో ఒకటి. వదులు ఇసుకలో 100 మీటర్ల ఎడం ఎంతవరకు కాపాడుతుందో ప్రతి వేసవిలోనూ ఊరి బావిని పరీక్షించి తేల్చుకోవలసిందే.

ఇక మరుగుదొడ్డి. తీరంలో నీటినీ మరుగుదొడ్డినీ వేర్వేరు పథకాలుగా, వేర్వేరు శాఖల పనిగా చూడటం మూలంలోనే తప్పు. రెండూ ఒకే ఇసుకలో ఉన్నాయి. గోతిలోకి పోయినది ఏ మందపు మట్టి పొరా అడ్డుకోకుండా నీటి పొరకు చేరుతుంది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ ఉద్యమం కోట్ల మరుగుదొడ్లు కట్టించింది. 2011 జనగణన నాటికి దేశంలోని గ్రామీణ ఇళ్ళలో 30.7 శాతానికే మరుగుదొడ్డి ఉండగా, ఉద్యమం మొదలై అయిదేళ్ళు తిరిగేసరికి గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన లేనిదిగా ప్రకటితమైంది. చీకటి పడే దాకా ఓర్చుకుని సరుగుడు తోటల్లోకి నడిచిన ఆడవాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ ఉద్యమం ప్రధానంగా సిఫారసు చేసిన జంట గుంటల నమూనా, అడుగున నీరు దూరంగా ఉండే నేలలో బాగా పనిచేసేది. ఒక గుంట నిండితే దాన్ని మూసి రెండో దానికి మళ్ళిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ళు ఆగితే మొదటి గుంటలోనిది వాసన లేని ఎరువవుతుంది. మలాన్ని మనిషి చేత్తో ఎత్తే దుర్మార్గాన్ని తప్పించే నమూనా కూడా ఇదే. అందుకే దాన్ని వదిలేయకుండా తీరానికి తగినట్టు మార్చుకోవాలి.

మార్పులు ఇంజనీర్లకు కొత్తవి కావు. గుంట అడుగుకూ వానాకాలపు నీటి మట్టానికీ మధ్య 2 మీటర్ల ఎడం ఉండటం మేలు. అంత ఎడం దొరకని చోట గుంట అడుగును సిమెంటుతో మూసి, ఒరల చుట్టూ అర మీటరు మందాన సన్నని ఇసుక నింపాలి. గుంటను లోతుకు తవ్వకుండా నేల మీదికి లేపి చుట్టూ మట్టి కట్ట పోయాలి. పీటను కూడా అదే ఎత్తుకు లేపాలి. బావికి కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. బావి దిగువన, గుంట ఎగువన ఉంటే ఆ దూరం కూడా చాలదు. గ్రామీణ పాన్‌కు వాలు ఎక్కువ, నీటి మూత 20 మిల్లీమీటర్లే, కనుక లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళతో శుభ్రమవుతుంది. నీళ్ళ కరువున్న తీరంలో ఈ పాన్ పెట్టించడం గోడలకు రంగు వేయించడం కన్నా ముఖ్యం. గుంట కట్టే మేస్త్రీకి ఊరి నీటి మట్టం చెప్పేవారు లేకపోతే అందరికీ ఒకే కొలత పడుతుంది, కార్తీకం వానలకు గుంట పొంగుతుంది, ఇంటివారు దాన్ని కట్టెలు పెట్టుకునే గదిగా మార్చుకుంటారు. అలా మార్చుకున్న ఇంటివారిని అలవాటు మానలేదని నిందించడం న్యాయం కాదు.

మరుగుదొడ్ల సంఖ్య పెరిగినంత మాత్రాన రోగం తగ్గుతుందా? ఇదే బంగాళాఖాతపు ఒడ్డున ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. ఉద్యమం నడిచిన గ్రామాల్లో మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. అయినా పిల్లల్లో విరేచనాలు గానీ నులిపురుగులు గానీ తగ్గలేదు. కట్టినవాటిని అందరూ వాడలేదు, ఊరందరికీ అవి అందలేదు, పసిపిల్లల మలం ఎప్పటిలాగే పెంటకుప్పకు చేరింది. సగం మంది బయటికి పోవడం మానేసినా మిగతా సగం విసర్జన ఆ నేలనూ ఆ నీటినీ పాడుచేయడానికి చాలు. తీరంలో కొంకి పురుగు సంగతి దీనికి మరింత నిదర్శనం. మలంలోని గుడ్లు పొదిగి, పురుగు పిల్లలు నేలలో ఎదిగి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా ఒంట్లోకి దూరతాయి. మండే ఎండ ఇసుకలో అవి బతకవు. నీడలో ఉన్న తడి ఇసుక వాటికి కావలసిన తావు, అంటే సరుగుడు తోట. పేగు గోడను పట్టుకుని రక్తం పీల్చే ఆ పురుగు, బడిపిల్లల్లో రక్తహీనతకు ఒక కారణం. ఫిబ్రవరి 10న బడిలో మింగించే ఆల్బెండజోల్ మాత్ర ఉన్న పురుగులను చంపుతుంది, తోటలోని ఇసుకను మాత్రం మార్చలేదు.

బడి విషయంలో చట్టానికి కొరత లేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ బాలబాలికలకు విడివిడి మరుగుదొడ్లు, చాలినంత సురక్షితమైన తాగునీరు ఉండాలంటుంది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఆ సౌకర్యాలు కల్పించమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులను బాగుచేసే పనికి పూనుకుంది. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు ఆ పనుల్లో ముందు వరుసలో ఉన్నాయి. 25 మంది బాలికలకు ఒక మరుగుదొడ్డి, 50 మంది బాలురకు ఒక మరుగుదొడ్డి, ఒక మూత్రశాల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

కట్టడం ఒక్కసారి చేసే పని, కడగడం రోజూ ఉండేది. బడి మరుగుదొడ్డికి తాళం పడటానికి కారణం చాలా చోట్ల ఒకటే: కడిగే మనిషికి జీతం, ఫినాయిలుకు డబ్బు, మోటారు కాలితే బాగుచేయించే అధికారం ఎవరికీ స్పష్టంగా లేకపోవడం. అందుకే మరుగుదొడ్ల నిర్వహణ నిధి ఏర్పాటును రాష్ట్ర విద్యాచరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన మలుపుగా చెప్పాలి. 2021 జనవరి 11న నెల్లూరులో బడిపిల్లల తల్లులకిచ్చే అమ్మఒడి రెండో ఏడాది సొమ్ము విడుదల చేసినప్పుడు, ఒక్కో తల్లికి రావలసిన 15 వేల రూపాయల్లో వెయ్యి రూపాయలను ఈ నిధికి మళ్ళించారు. దానితో ఆయాల వేతనం, శుభ్రతకు కావలసిన సరుకు సమకూరాయి. ప్రభుత్వం మారాక 2025లో వచ్చిన ‘తల్లికి వందనం’లోనూ 2 వేల రూపాయలు బడి నిర్వహణకు మినహాయించి, 13 వేలు తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి సొమ్ము మినహాయించుకోవడం సబబా అన్న ప్రశ్నలో పస ఉంది. పేద తల్లికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. కానీ మినహాయించిన సొమ్ము ఆ తల్లికి ఒక హక్కును ఇస్తుంది. బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఆ లెక్క చూపమని అడిగే హక్కు అది. ఆ లెక్కను బడి గోడ మీద రాయించడానికి ఖర్చేమీ లేదు.

తీరపు బడికి లోపలి ఊళ్ళ బడికి లేని రెండు కష్టాలున్నాయి. ఉప్పుగాలికి ఇనుప కొళాయిలు, బోరింగు గొట్టాలు, తలుపు బందులు ఏడాది రెండేళ్ళకే తుప్పుపడతాయి. అంచనా పత్రంలో ప్లాస్టిక్ గానీ తుప్పుపట్టని ఉక్కు గానీ రాయకపోతే ఆ పని మళ్ళీ మళ్ళీ చేయవలసి వస్తుంది. రెండోది, ఉప్పు, కఠినత్వం ఉన్న నీళ్ళలో సబ్బు నురగ రాదు. పిల్లవాడు రుద్దీ రుద్దీ విసుగుపడి వదిలేస్తాడు. బట్టలుతికే డిటర్జెంటు పొడి కఠినమైన నీటిలోనూ నురగనిస్తుంది. లీటరున్నర సీసాడు నీళ్ళలో 30 గ్రాముల పొడి కలిపి, మూతకు చిల్లు పెట్టి, మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లల చేతుల్లో కొద్దికొద్దిగా వేయడం బంగ్లాదేశ్‌లో పరీక్షించి చూసిన పద్ధతి. సబ్బుబిళ్ళలా అది మాయం కాదు, ఖర్చు కూడా తక్కువ. బడుల్లో చేతులు కడిగే అలవాటును క్రమంగా నడిపిస్తే విరేచనాలు మూడో వంతు దాకా తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలు చూపాయి. కొళాయి వరుస భోజనశాల దారిలో ఉండాలి, చిన్న పిల్లల ఎత్తుకు ఉండాలి. కడిగిన నీళ్ళు బావి దగ్గర నిలవకుండా అరటి చెట్లకు పారాలి.

ఎదిగిన ఆడపిల్లల విషయం ఎక్కువమంది ఒక వాక్యంతో దాటేస్తారు. గడియ పడే తలుపు, లోపలే కొళాయి, వాడిన గుడ్డ వేసేందుకు మూత ఉన్న డబ్బా లేని చోట నెలకు మూడు నాలుగు రోజులు వాళ్ళు బడికి రారు, వచ్చినా దాహాన్ని అణచుకుని కూర్చుంటారు. 2021 అక్టోబరులో రాష్ట్రం ‘స్వేచ్ఛ’ పేరిట 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు 10 న్యాప్‌కిన్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. న్యాప్‌కిన్ ఇచ్చి డబ్బా పెట్టకపోతే అవి పాన్‌లో పడి గొట్టం మూసుకుపోతుంది, వారం తిరగకుండా ఆ గదికి తాళం పడుతుంది. గొట్టంలో చేయి పెట్టవలసింది ఆయాయే కనుక ఆమెకు చేతితొడుగులు, పొడవాటి బూట్లు, గౌరవప్రదమైన జీతం కూడా ఈ పథకంలో భాగమే కావాలి.

ఊరికి దూరంగా చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద బతికే యానాదుల గుడిసెలకు పై పథకాలన్నీ ఆలస్యంగా చేరాయి. నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య జీవితంలో పెద్ద భాగం వారి మధ్య గడిపారు. నేరజాతుల చట్టం రద్దు కోసం పోరాడారు, ఆ చట్టం 1952లో రద్దయింది. 1962లో యానాదుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం నేటికీ ఆధారగ్రంథమే. పోరంబోకు మీద గుడిసె వేసుకున్నవారికి రేపు లేపేస్తారన్న భయం ఉన్నంతకాలం గుంట తవ్వాలన్న ఆలోచనే రాదు. వారికి మరుగుదొడ్డి కన్నా ముందు ఇంటిపట్టా కావాలి. వారి పిల్లలు బడి మానేయడానికి కారణాల్లో, మురికిగా ఉన్నారని తోటి పిల్లలు దూరం పెట్టడం ఒకటి. గుడిసెకు కొళాయి లేని పిల్లకు బడిలో స్నానానికి ఒక గది, బకెట్టు, సబ్బు ఏర్పాటు చేయడం చవకైన పని. పెద్ద ప్రణాళికల్లో అలాంటి గదికి చోటు ఇవ్వకపోవడం విచారకరం.

నీటిని కళ్ళతో చూసి మంచిదని నమ్మే అలవాటు ఎంత ప్రమాదమో చెప్పే పాత సాక్ష్యం ఈ జిల్లాలోనే ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో గారపట్టిన పళ్ళకూ బిగుసుకున్న కీళ్ళకూ నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్ తదితర వైద్యులు వెల్లడించారు. దేశంలో ఆ వ్యాధిని గుర్తించడం అదే మొదలు. అక్కడి బావుల నీళ్ళు తేటగానే ఉన్నాయి. తీరంలోనూ ఉప్పు నాలుకకు తెలుస్తుంది, మలం కలిసిన సంగతి తెలియదు. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష దీనికి సులువైన సాధనం. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే రూపొందించిన పరీక్ష ఇది. సీసాలో నీరు పోసి గదిలో ఉంచాలి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసినట్టే. నెల్లూరు ఎండకు సీసాను వెచ్చగా ఉంచే యంత్రమూ అక్కర లేదు. జలజీవన్ మిషన్ ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు పరీక్షలు నేర్పిస్తుంది. అదే సీసాను ఎనిమిదో తరగతి సైన్సు పాఠంలో పెట్టి ఊరి బావులన్నిటినీ పిల్లల చేత పరీక్షింపజేస్తే పాఠమూ బతుకుతుంది, ఊరూ మేలుకుంటుంది.

శుద్ధికి అన్నిటికన్నా నమ్మకమైనది బ్లీచింగు పొడే. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు కలిపి గంటసేపు ఆగాలి. కొళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. కలరా క్రిమి చప్పిడి ఉప్పునీటి కయ్యల్లో సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని సహజంగా బతుకుతుంది. వాటిని ఆపేలా పాత చీరను మడతలు పెట్టి వడకట్టడం వల్ల కలరా 48 శాతం తగ్గిందని బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో 2003లో తేలింది. మన అమ్మమ్మల వడకట్టు గుడ్డ వదలకూడని అలవాటు. ఇప్పుడు ఊరూరా కనిపించే ఆర్‌ఓ ప్లాంట్లు ఉప్పును తీస్తాయి, నిజమే. కానీ వదిలేసిన చిక్కని ఉప్పునీటిని వెనక ఇసుకలోకే పారబోస్తే పక్క బావి చెడుతుంది. ఇరవై లీటర్ల క్యానులోని శుద్ధమైన నీటిలో గ్లాసుతో పాటు చేయి ముంచితే ఆ ఖర్చంతా వృథా. కొళాయి ఉన్న డబ్బా, పిడి ఉన్న గరిటె ఈ చివరి మెట్టును కాపాడతాయి.

ఇవన్నీ ఎవరు నడపాలి? పట్టపు మత్స్యకారుల పాలేల్లో కులపెద్దలు దురాయి (కట్టుబాటు) వేస్తే వల వేసే చోటు దగ్గర్నుంచీ మాట చెల్లుతుంది. అదే కట్టుబాటు మంచినీళ్ళ బావి చుట్టూ వర్తిస్తే మేలే. కానీ ఆ పెద్దల కూటమిలో నీళ్ళు మోసే ఆడవాళ్ళకు చోటు తక్కువ. జిల్లాకు మరో సంప్రదాయం ఉంది. అక్షరాస్యతా తరగతుల్లో కలుసుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు జిల్లాలో పుట్టాయి. మరుగుదొడ్డికి ముందుగా పెట్టుబడి అప్పిచ్చే శక్తి, గుంట కొలత తప్పితే మేస్త్రీని నిలదీసే ధైర్యం ఆ సంఘాలకున్నాయి. పంచాయతీ నీటి లెక్కను వాటికి అప్పగించడం సాహసమేమీ కాదు.

వరద వచ్చినప్పుడు ఈ ఏర్పాట్లన్నిటికీ పరీక్ష. 2004 డిసెంబరు 26 సునామీకి తీరపు బావుల్లోకి సముద్రం వచ్చింది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనూ జాతీయ రహదారినీ కోసేసింది. వరద తీశాక బడి తెరిచే ముందు బావిని పూర్తిగా తోడేయాలన్న తొందర సహజం. తీరంలో అది చేటు. ఖాళీ చేసే కొద్దీ కింది ఉప్పు పైకి లేస్తుంది. సునామీ తరువాత శ్రీలంక తూర్పు తీరంలో మళ్ళీ మళ్ళీ తోడిన బావులకు ఇదే ఇబ్బంది ఎదురైంది. పైన తేలే చెత్తను తీసి, నిదానంగా కొంత తోడి, రోజువారీ మోతాదు కన్నా ఎక్కువగా బ్లీచింగు కలిపి, ఒక రాత్రి ఆగి, క్లోరిన్ వాసన తగ్గాక సీసా పరీక్ష చేయాలి. అందాకా బడికి ట్యాంకరు నీళ్ళు రావాలి. ఒరిగిపోయిన మరుగుదొడ్డి గుంటలకు సున్నం చల్లి, మట్టి కట్ట మళ్ళీ పోయించాలి. ఉప్పెక్కిన బావి రెండు మూడు వానాకాలాలు కురిస్తే గానీ తేరుకోదు. ఆ లోపు ఎగువ దిబ్బ మీద కొత్త దొరువు తవ్వించడానికి పంచాయతీ ఎదురుచూడనక్కర లేదు.